సేంద్రియ సోలార్ సెల్‌కు కాంతిని పట్టే అణువును డిజైన్ చేయడం ఎలా: ల్యాప్‌టాప్ నుంచి ఫ్లాస్కు దాకా

హన్మకొండ, కరీంనగర్, నిజామాబాద్ వైపు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ప్రాజెక్టులు మొదలయ్యే రోజుల్లో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది: "సార్, ఆర్గానిక్ సోలార్ సెల్ కోసం కంప్యూటర్ మీద అణువు డిజైన్ చేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?" అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే ఒక బొమ్మ గీసి, హోమో (ఎలక్ట్రాన్లు నిండిన కక్ష్యల్లో అన్నిటికన్నా పైది), ల్యూమో (ఖాళీ కక్ష్యల్లో అన్నిటికన్నా కిందిది) లెక్క తీసి, వాటి మధ్య తేడా అయిన బ్యాండ్ గ్యాప్ తగ్గిందని సంబరంగా ఉంటారు. అది పనిని మధ్యలోంచి అందుకోవడం. ఇక్కడ వరుసే ముఖ్యం. ముందు ఎలక్ట్రాన్ ఇచ్చే డోనర్, దాన్ని అందుకునే యాక్సెప్టర్ అనే రెండు పదార్థాల జోడీ తేలాలి, తర్వాత మన లెక్క ఎంత నమ్మదగిందో తేలాలి, ఆ తర్వాతే కొత్త అణువు.

పీజీ స్థాయి ఆర్గానిక్, ఫిజికల్ కెమిస్ట్రీ వచ్చినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. క్వాంటం కెమిస్ట్రీ లోతుగా రాకపోయినా పర్వాలేదు.

1. మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవలసినవి

కంప్యూటర్: 8 కోర్లు, 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు యంత్రం మొదటి దశకు చాలు. లినక్స్ ఉంటే మంచిది. ల్యాప్‌టాప్ కన్నా డెస్క్‌టాప్ మేలు, ఎందుకంటే ఒక్కో జాబ్ గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి నడుస్తుంది. మన మే నెల ఎండలో ల్యాప్‌టాప్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించేసుకుంటుంది.

సాఫ్ట్‌వేర్: లెక్కలకు ఓర్కా, విద్యాసంస్థల్లో వాడుకునేవాళ్లకు ఉచితం. బొమ్మ గీయడానికి ఆవొగాడ్రో. ముందస్తు ఆకారం సరిచేయడానికి ఎక్స్‌టీబీ. ఫలితాలు విడమర్చి చూడడానికి మల్టీడబ్ల్యూఎఫ్‌ఎన్. డిపార్ట్‌మెంట్‌కు గాసియన్ లైసెన్సు ఉంటే అదీ బాగుంటుంది. పెన్‌డ్రైవ్‌లో తిరిగే క్రాక్ కాపీలు మాత్రం వద్దు. పేపర్ పంపేటప్పుడు లైసెన్సు వివరం అడిగితే తలనొప్పి మీదే.

ఓర్కాలో ఒక్కో కోర్‌కు ఎంత మెమరీ ఇస్తున్నామో రాయాలి. ఉన్న ర్యామ్‌ను కోర్ల సంఖ్యతో భాగించి, అందులో ముప్పావు వంతు ఇవ్వండి. 16 జీబీకి 8 కోర్లైతే కోర్‌కు 1500 ఎంబీ. మొత్తం 2000 ఇస్తే జాబ్ సగంలో ఆగిపోతుంది. చాలామంది దాన్ని సాఫ్ట్‌వేర్ తప్పు అనుకుంటారు.

పెద్ద లెక్కలు అవసరమైతే నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద ఐఐటీ హైదరాబాద్‌లో పెట్టిన పరమ్ సేవ లాంటి యంత్రాలు ఉన్నాయి. అక్కడ అకౌంట్ దొరికే అవకాశం ఉందేమో మీ గైడ్‌ను ఇప్పుడే అడగండి. అవసరం పడ్డాక అడిగితే సెమిస్టర్ అయిపోతుంది.

చెక్‌లిస్ట్:
- యూపీఎస్ ఉందా? కరెంటు పోతే జాబ్ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టే ఫైళ్లు సేవ్ అవుతున్నాయా?
- ప్రతి అణువుకు ఒక ఫోల్డర్, పేరులోనే పద్ధతి, తేదీ ఉన్నాయా? "ఫైనల్", "ఫైనల్2", "అసలుఫైనల్" అనే పేర్లు వద్దు.
- హార్ట్రీని ఎలక్ట్రాన్ వోల్టుకు మార్చే సంఖ్య 27.2114, ఎలక్ట్రాన్ వోల్టును నానోమీటరుకు మార్చే సంఖ్య 1240. రెండూ గోడకు అంటించారా?

2. అణువు గీయకముందే జోడీ తేల్చుకోండి

సిలికాన్‌లో కాంతి పడగానే ఎలక్ట్రాన్, హోల్ దాదాపు వెంటనే విడిపోతాయి. సేంద్రియ పదార్థంలో అలా జరగదు. దీని డైఎలెక్ట్రిక్ స్థిరాంకం 3 నుంచి 4 మధ్య ఉంటుంది, సిలికాన్‌ది 11.7. అందుకే ఎలక్ట్రాన్, హోల్ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఎక్సైటాన్‌గా తిరుగుతాయి. ఆ పట్టు విడవాలంటే డోనర్, యాక్సెప్టర్ అనే రెండు పదార్థాలు కలిసే సరిహద్దు కావాలి. ఎక్సైటాన్ చాలా పదార్థాల్లో 10 నానోమీటర్ల చుట్టుపక్కల మాత్రమే ప్రయాణించగలదు. ఆలోపు సరిహద్దు తగలకపోతే పట్టిన కాంతి వేడిగా పోతుంది.

కాబట్టి "మంచి అణువు" అనేది ఒంటరిగా ఉండదు. ఎవరితో కలిసి పనిచేస్తుందో చెప్పకుండా దాని గ్యాప్ గురించి మాట్లాడడం వృథా.

ఉదాహరణకు పీఎం6 పాలిమర్‌ను డోనర్‌గా తీసుకుందాం. ఇది సుమారు 500 నుంచి 680 నానోమీటర్ల కాంతిని బాగా పడుతుంది. దానికి జోడీగా మనం గీసే యాక్సెప్టర్ 700 నుంచి 900 వరకు పట్టాలి. పత్తి సాళ్ల మధ్య కంది వేసినట్టు, ఒకదాని వాటాకు ఇంకోటి అడ్డు రాకుండా చూడాలి. రెండూ 600 దగ్గరే పడితే మిగతా ఎండంతా వృథాగా పోతుంది.

జోడీ కుదరాలంటే మూడు షరతులు:

ఒకటి, యాక్సెప్టర్ ల్యూమో డోనర్ ల్యూమో కన్నా కిందికి ఉండాలి. డోనర్ కాంతిని పట్టినప్పుడు ఎలక్ట్రాన్ ఇటు దూకేది దీనివల్లే.

రెండు, యాక్సెప్టర్ హోమో డోనర్ హోమో కన్నా కిందికి ఉండాలి. చాలా ప్రాజెక్టుల్లో తప్పిపోయేది ఇదే. ఈ తరం యాక్సెప్టర్లు తామే సగం కాంతిని పడతాయి. అప్పుడు హోల్ యాక్సెప్టర్ నుంచి డోనర్‌కు వెళ్లాలి. ల్యూమోల తేడా ఒక్కటే చూసి హోమోలను వదిలేస్తే ఆ సగం కాంతి లెక్కలోకే రాదు.

మూడు, రెండు తేడాలూ అవసరానికి మించి ఉండకూడదు. తేడా ఎంత పెరిగితే అంత వోల్టేజీ పోతుంది. పాత పుస్తకాల్లో కనీసం 0.3 ఎలక్ట్రాన్ వోల్టు కావాలని ఉంటుంది. అది ఫుల్లరీన్‌లను (బంతి ఆకారపు కార్బన్ అణువులను) యాక్సెప్టర్లుగా వాడిన కాలపు నియమం. డోనర్ పీఎం6, యాక్సెప్టర్ వై6 జోడీలో ఒకే పరిశోధక బృందం కొలిచిన హోమోలు వరుసగా -5.56, -5.65 ఎలక్ట్రాన్ వోల్టులు. తేడా 0.1 కూడా లేదు. అయినా ఆ జోడీ 2019లోనే 15.7 శాతం సామర్థ్యం ఇచ్చింది.

ఇంకో మాట. మీ లక్ష్యం ఎండేనా? గది లోపలి ఎల్‌ఈడీ వెలుతురులో పనిచేసే చిన్న సెన్సర్ల కోసమైతే లెక్క మారిపోతుంది. ఎల్‌ఈడీ కాంతి దాదాపు అంతా 400 నుంచి 700 మధ్యే ఉంటుంది. అక్కడ 900 దాకా పట్టే అణువు గీయడం వల్ల వోల్టేజీ నష్టం తప్ప లాభం లేదు. గ్యాప్ 1.8, 1.9 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంచండి.

3. కొలబద్ద తయారు చేసుకోండి

ఈ దశను అందరూ దాటేస్తారు. మొత్తం పనిలో దీనికే ఎక్కువ సమయం ఇవ్వమంటాను.

మీరు వాడే లెక్క పద్ధతి నిజం నుంచి ఎంత పక్కకు పోతుందో మీకు తెలియాలి. అది తెలియాలంటే ప్రయోగంలో విలువలు తెలిసిన అణువులను అదే పద్ధతితో లెక్కించి చూడాలి. ఇలా చేయండి:

మొదట, మీరు గీయబోయే కుటుంబంలోనే ఉన్న ఐదారు అణువులు ఎంచుకోండి. ఐటీఐసీ, ఐటీ-4ఎఫ్, వై6 అనే యాక్సెప్టర్ల లాంటివి. పూర్తిగా వేరే కుటుంబపు డై అణువులు కలిపితే కొలబద్ద చెడిపోతుంది.

తర్వాత, క్లోరోఫామ్ ద్రావణంలో కొలిచిన శోషణ శిఖరాలు (కాంతిని ఎక్కువగా పట్టే తరంగదైర్ఘ్యాలు) సేకరించండి. ఐటీఐసీకి 664 నానోమీటర్లు, వై6కు 731. పలుచని ఘన పొరలో కొలిచిన విలువలు వేరు, వాటిని ఇక్కడ కలపొద్దు.

నానోమీటర్లను ఎలక్ట్రాన్ వోల్టుల్లోకి మార్చండి. 1240ని 664తో భాగిస్తే 1.87, 731తో భాగిస్తే 1.70. పోలిక ఎప్పుడూ శక్తిలోనే. నానోమీటర్లలో పోలిస్తే పొడవైన తరంగదైర్ఘ్యాల దగ్గర తప్పు ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది.

లెక్కలో వచ్చిన శక్తి అడ్డంగా, ప్రయోగ శక్తి నిలువుగా పెట్టి సరళరేఖ గీయండి. ఆ రేఖే మీ కొలబద్ద. కొత్త అణువుకు వచ్చిన ప్రతి సంఖ్యనూ దాని మీద దిద్దాకే బయటకు చెప్పాలి.

ఉదాహరణకు మీ పద్ధతి వై6కు 2.05 ఇచ్చిందనుకుందాం. నిజం 1.70. తేడా 0.35. మిగతా అణువులకూ తేడా 0.30 నుంచి 0.40 మధ్యే ఉంటే పద్ధతి బాగున్నట్టే. తప్పు ఉన్నా నిలకడగా ఉంది. ఒకదానికి 0.05, ఇంకోదానికి 0.50 వస్తే ఆ పద్ధతి వదిలేయండి. సగటున తప్పు తక్కువ ఉండడం కన్నా, తప్పు నిలకడగా ఉండడం మనకు ఎక్కువ ఉపయోగం.

ఏ ఫంక్షనల్ (ఎలక్ట్రాన్ల శక్తిని లెక్కించే ఉజ్జాయింపు సూత్రం) వాడాలి? ఆకారానికి బీ3ఎల్‌వైపీకి డీ3బీజే (డిస్పర్షన్) దిద్దుబాటు కలిపి, కక్ష్యలను వర్ణించే 6-31జీ(డి,పి) బేసిస్‌తో మొదలుపెట్టండి. ఉత్తేజిత స్థితులకు క్యామ్-బీ3ఎల్‌వైపీ గానీ ఒమేగాబీ97ఎక్స్-డీ గానీ వాడండి. ఇవి శక్తిని ఎక్కువ చేసి చూపిస్తాయి, కానీ ఒక పద్ధతి ప్రకారం చూపిస్తాయి. బీ3ఎల్‌వైపీ ఒక్కోసారి ప్రయోగానికి దగ్గరగా వచ్చి ఆశ పెడుతుంది. అణువులో ఛార్జి ఒక చివర నుంచి ఇంకో చివరకు జరిగే స్థితుల్లో మాత్రం శక్తిని బాగా తక్కువ చేసి చూపిస్తుంది. డోనర్, యాక్సెప్టర్ జంటను కలిపి లెక్కిస్తే లేని స్థితులు కూడా అడుగున వచ్చి చేరతాయి.

రెండు సాఫ్ట్‌వేర్ల ఫలితాలు కలిపేవాళ్లకు ఒక హెచ్చరిక. ఓర్కాలో బీ3ఎల్‌వైపీ, గాసియన్‌లో బీ3ఎల్‌వైపీ లోపల అచ్చంగా ఒకటి కావు. కోరిలేషన్ భాగంలో తేడా ఉంది. గాసియన్ రకం కావాలంటే ఓర్కాలో దానికి వేరే కీవర్డ్ ఉంది. మొత్తం శక్తులను ఇక్కడివి అక్కడివి తీసివేస్తే అర్థం లేని సంఖ్యలు వస్తాయి.

4. అణువు గీయడం

ఈ కుటుంబం అణువులకు నిర్మాణం దాదాపు ఒకటే. మధ్యలో ఎలక్ట్రాన్లు దండిగా ఉన్న, ఉంగరాలు ఒకదానికొకటి అతుక్కున్న కోర్. రెండు చివర్ల ఎలక్ట్రాన్లను లాగే ఎండ్ గ్రూపులు. వై6లో అయితే కోర్ మధ్యలో కూడా ఎలక్ట్రాన్లను లాగే బెంజోథయాడయజోల్ ముక్క ఉంటుంది. కరగడానికి సైడ్ చెయిన్లు.

పొడవాటి సైడ్ చెయిన్లను లెక్కలో మిథైల్‌గా కత్తిరించండి. వై6 పూర్తి అణువులో 187 పరమాణువులు. కత్తిరిస్తే 85. ఒంటరి అణువు హోమో, ల్యూమోల్లో వచ్చే తేడా స్వల్పం, లెక్క సమయంలో వచ్చే తేడా మాత్రం చాలా పెద్దది. అయితే బెంజీన్ ఉంగరం ద్వారా తగిలించిన చెయిన్ ఉంటే ఆ ఉంగరాన్ని తీసేయొద్దు.

గీసేటప్పుడు జరిగే తప్పుల్లో నంబర్ వన్: ఎండ్ గ్రూపును తలకిందులుగా అతికించడం. ఎండ్ గ్రూపులోని ఇండనోన్ కార్బొనిల్ ఆక్సిజన్, పక్కనే ఉన్న థయోఫీన్ సల్ఫర్ వైపు తిరిగి ఉండాలి. ఆ రెండూ దగ్గరగా ఉండి అణువును చదునుగా పట్టి ఉంచుతాయి. డైసయానో వైపును థయోఫీన్ మీదికి తిప్పి గీస్తే అది గుద్దుకుని అణువు మెలిక తిరుగుతుంది, శిఖరం నీలం వైపు జరుగుతుంది. అప్పుడు "నా అణువు బాగాలేదు" అనే నిర్ణయానికి వచ్చేస్తారు. బాగాలేనిది బొమ్మ.

ఒంటి బంధాల దగ్గర తిరిగే వీలున్న అణువైతే ఉన్న భంగిమలన్నీ గీసి ముందు ఎక్స్‌టీబీతో వేగంగా చూడండి. తక్కువ శక్తి ఉన్న రెండు మూడింటినే పెద్ద లెక్కకు పంపండి.

5. ఆకారం సరిచేయడం

ఆప్టిమైజేషన్ పెట్టండి, అయ్యాక తప్పనిసరిగా ఫ్రీక్వెన్సీ లెక్క పెట్టండి. ఒక్క ఇమాజినరీ ఫ్రీక్వెన్సీ (ఆకారం ఇంకా కనిష్ఠ శక్తికి చేరలేదనే సంకేతం) కూడా ఉండకూడదు. ఫ్రీక్వెన్సీ లేకుండా ఆకారం దొరికిందని రాస్తే పరీక్షకుడు అడిగే మొదటి ప్రశ్న అదే.

సమస్యలు, మందులు:

*ఇమాజినరీ ఫ్రీక్వెన్సీ పెద్దగా ఉంది:* ఆ కంపనం ఏ దిక్కున ఉందో ఆవొగాడ్రోలో కదిలించి చూడండి. ఆ దిక్కులో పరమాణువులను కొద్దిగా జరిపి మళ్లీ ఆప్టిమైజ్ చేయండి.

*20, 30 సెంటీమీటర్ విలోమాల లోపు చిన్నది ఒకటే ఉంది:* చాలావరకు మిథైల్ తిరుగుడే. గ్రిడ్‌ను, ఆప్టిమైజేషన్ హద్దులను బిగించి మళ్లీ నడపండి.

*ఆప్టిమైజేషన్ ఎంతకీ తెగడం లేదు:* ఎక్స్‌టీబీ ఆకారం నుంచి మొదలుపెట్టారా? అలా పెడితే చాలావరకు పరేషాన్ తగ్గుతుంది.

*శక్తి అసలు పొంతన లేకుండా వచ్చింది:* ఛార్జి, మల్టిప్లిసిటీ చూడండి. తటస్థ అణువుకు 0, 1. ఒక ఎలక్ట్రాన్ ఎక్కువైన అణువుకు -1, 2. హైడ్రోజన్లు పూర్తిగా ఉన్నాయో లేదో కూడా లెక్కపెట్టండి.

6. కాంతిని ఎంత పడుతుందో చూడడం

టీడీ-డీఎఫ్‌టీ (ఉత్తేజిత స్థితుల శక్తులు తీసే పద్ధతి) లెక్క క్లోరోఫామ్ ద్రావణి నమూనాతో పెట్టండి. పది స్థితులు అడిగితే చాలు. ఫలితంలో మూడు చూడాలి: శక్తి, ఆసిలేటర్ స్ట్రెంత్ (కాంతిని ఎంత బలంగా పడుతుందో చెప్పే సంఖ్య), ఏ కక్ష్య నుంచి ఏ కక్ష్యకు.

ఈ కుటుంబంలో మొదటి ఉత్తేజిత స్థితికి ఆసిలేటర్ స్ట్రెంత్ 2 దాటడం మామూలే. పొర మందం సుమారు 100 నానోమీటర్లే కాబట్టి అంత పలుచని పొరలో కాంతి ఆగాలంటే శోషణ బలంగా ఉండాలి. గ్యాప్ బాగా తగ్గి ఆసిలేటర్ స్ట్రెంత్ 0.3కు పడిపోయిన అణువును నేనైతే పక్కన పెట్టేస్తాను. 900 దగ్గర శిఖరం ఉందన్న సంబరం తప్ప అది పట్టే కాంతి ఏమీ ఉండదు.

ఓర్కా వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అందులో ఈ లెక్కను సులువు చేసే టామ్-డాంకాఫ్ ఉజ్జాయింపు తనంతట తానే ఆన్‌లో ఉంటుంది. లెక్క వేగంగా అవుతుంది కానీ ఆసిలేటర్ స్ట్రెంత్‌లు పెరిగి వస్తాయి. శిఖరం ఎత్తు గురించి రాయాలనుకుంటే దాన్ని ఆఫ్ చేయండి. కొలబద్ద ఆన్‌తో చేసి కొత్త అణువు ఆఫ్‌తో చేయడం మాత్రం అసలు కుదరదు.

ఒంటరి అణువు లెక్క చెప్పనిది ఒకటుంది. ద్రావణం నుంచి పొరకు వచ్చేసరికి అణువులు ఒకదానిపై ఒకటి సర్దుకుని శిఖరం ఎరుపు వైపు జరుగుతుంది. ఐటీఐసీ 664 నుంచి 702కు, అంటే 38 నానోమీటర్లు. వై6 731 నుంచి 821కి, అంటే 90. ఈ తేడాను గుర్తుపెట్టుకుంటే ఒంటరి అణువే 850 దగ్గర పట్టాలని పట్టుబట్టరు. ద్రావణంలో 730 వచ్చిన అణువు పొరలో సరిపోవచ్చు. ఎంత జరుగుతుందో కచ్చితంగా చెప్పడం ఈ స్థాయి లెక్కలతో సాధ్యం కాదు. రిపోర్టులో ఆ మాట అలాగే రాయండి.

7. వోల్టేజీ అంచనా: ఒక ఫార్ములాతో జాగ్రత్త

అందరూ వాడే ఫార్ములా ఒకటుంది: డోనర్ హోమో, యాక్సెప్టర్ ల్యూమోల మధ్య తేడాలోంచి 0.3 తీసేస్తే ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ (కరెంటు తీయనప్పుడు పరికరం చూపే వోల్టేజీ). పీఎం6, వై6 మీద వేసి చూడండి. 5.56 లోంచి వై6 ల్యూమో 4.10 తీస్తే 1.46, అందులోంచి 0.3 పోతే 1.16. పరికరంలో కొలిచింది 0.83 వోల్టులు. మూడో వంతు కన్నా ఎక్కువ తేడా!

ఆ 0.3 అనేది ఫుల్లరీన్ పరికరాల నుంచి తీసిన అనుభవ సంఖ్య. సైక్లిక్ వోల్టామెట్రీతో (వోల్టేజీ మారుస్తూ కరెంటు కొలిచే పద్ధతితో) తీసిన స్థాయిలు కూడా ల్యాబ్‌ను బట్టి మారుతాయి. కాబట్టి ఆ ఫార్ములాను మీ సొంత అణువుల్లో ఏది పైన, ఏది కింద అని వరుస పెట్టుకోవడానికే వాడండి. అసలు సంఖ్య కావాలంటే ఇంకో దారి ఉంది: పొరలోని ఆప్టికల్ గ్యాప్ లోంచి 0.5 నుంచి 0.6 తీసేయండి. వై6 గ్యాప్ 1.33, అందులోంచి 0.5 తీస్తే 0.83. మంచి జోడీలకు ఇది నిజానికి దగ్గరగా ఉంటుంది.

లెక్కలో వచ్చిన హోమో-ల్యూమో తేడా, ఆప్టికల్ గ్యాప్ ఒకటి కావు. ఒకటి కక్ష్యల మధ్య తేడా, రెండోది ఎలక్ట్రాన్, హోల్ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న స్థితి శక్తి. టేబుల్‌లో రెండు వేర్వేరు నిలువు వరుసలు పెట్టండి.

8. ఏ మార్పు చేస్తే ఏమవుతుంది

ఒకసారికి ఒక్క మార్పే. కోర్, ఎండ్ గ్రూప్ రెండూ ఒకేసారి మార్చి మంచి ఫలితం వచ్చినా అది ఎందుకు వచ్చిందో చెప్పలేరు.

ఎండ్ గ్రూప్ మీద ఫ్లోరిన్ పెడితే హోమో, ల్యూమో రెండూ కిందికి దిగుతాయి, ల్యూమో కొంచెం ఎక్కువ దిగుతుంది. క్లోరిన్ పెడితే శిఖరం ఇంకాస్త ఎరుపు వైపు జరుగుతుంది, తయారీ కూడా సాధారణంగా సులువు. పరికరం వోల్టేజీ పెరగాలంటే ఇవి పనికిరావు, ల్యూమో దిగితే వోల్టేజీ తగ్గుతుంది. అప్పుడు మిథైల్ గానీ మిథాక్సీ గానీ పెట్టి ల్యూమోను పైకి తేవాలి.

కోర్‌లో ఎలక్ట్రాన్లు ఇచ్చే గుణం పెంచితే హోమో పైకి లేస్తుంది, గ్యాప్ తగ్గుతుంది. ఇక్కడే ఉచ్చు ఉంది. హోమో డోనర్ హోమోను దాటి పైకి పోతే రెండో సెక్షన్‌లో చెప్పిన రెండో షరతు చెడిపోతుంది. గ్యాప్ 1.2కు దిగింది, కానీ హోల్ వెళ్లడానికి దారి లేదు. ప్రాజెక్టు రిపోర్టుల్లో "అత్యుత్తమ అణువు" అని రాసినవాటిలో ఈ రకం తరచుగా కనిపిస్తుంది.

కోర్‌కూ ఎండ్ గ్రూపుకూ మధ్య థయోఫీన్ గానీ వినైల్ గానీ వారధిగా పెడితే శిఖరం ఎరుపుకు పోతుంది. కానీ తిరిగే బంధాలు పెరుగుతాయి. వినైల్ అయితే కాంతికి పాడయ్యే చోటు ఇంకొకటి చేరుతుంది.

సైడ్ చెయిన్ మార్చితే మీ లెక్కలో ఏమీ మారదు. అసలు పొరలో మాత్రం చాలా మారుతుంది: కరగడం, సర్దుకోవడం, ఎండలో నిలవడం. లెక్కలో కనిపించలేదని దాన్ని తక్కువ చేసి రాయొద్దు.

9. ఎలక్ట్రాన్ కదలిక

రీఆర్గనైజేషన్ ఎనర్జీకి (ఎలక్ట్రాన్ వచ్చి చేరినప్పుడు అణువు ఆకారం మార్చుకోవడానికి పట్టే శక్తికి) నాలుగు శక్తులు కావాలి: తటస్థ ఆకారంలో తటస్థ శక్తి, అదే ఆకారంలో రుణ అయాన్ శక్తి, రుణ అయాన్ సొంత ఆకారంలో దాని శక్తి, ఆ ఆకారంలో తటస్థ శక్తి. ఒకే ఛార్జి ఉన్నవాటిని జత చేసి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసి, వచ్చిన రెండు తేడాలను కలపండి. గట్టి ఫ్యూజ్డ్ కోర్ ఉన్న యాక్సెప్టర్లకు 0.2 ఎలక్ట్రాన్ వోల్టు లోపు రావాలి. 0.4 వస్తే అయాన్ ఆకారం మెలిక తిరిగిందేమో చూడండి.

ఈ ఒక్క సంఖ్యతో "మొబిలిటీ ఎక్కువ" అని తేల్చొద్దు. పక్క అణువుతో ఎంత అతివ్యాప్తి ఉందన్నది రెండో సగం. దానికి జంట అణువుల లెక్క కావాలి.

10. ఇది తయారవుతుందా?

కాగితం మీద ఎంత బాగున్నా ఫ్లాస్కులో రానిది ప్రాజెక్టుకు పనికిరాదు. ఆఖరుకు మిగిలిన రెండు మూడు అణువులను సింథసిస్ చేసే సీనియర్ ముందు పెట్టి వెనక నుంచి ముందుకు దారి గీయించండి.

ఈ కుటుంబంలో ఆఖరి రెండు మెట్లు దాదాపు ఒకటే: విల్స్‌మయర్-హాక్‌తో కోర్ చివర్ల ఆల్డిహైడ్లు, తర్వాత నోవెనాగెల్‌తో ఎండ్ గ్రూపులు. కష్టమంతా కోర్ దగ్గరే.

చెక్‌లిస్ట్:
- మొత్తం మెట్లు ఎన్ని? పది దాటితే ఎమ్మెస్సీ గడువులో వదిలేయండి.
- స్టిల్లె కప్లింగ్ ఉందా? టిన్ వ్యర్థాలు విషం, వాటిని పారేసే ఏర్పాటు ఉందా?
- బ్యూటైల్ లిథియం, మైనస్ 78 డిగ్రీలు అవసరమా? డ్రై ఐస్ ఎక్కడ దొరుకుతుందో ముందే కనుక్కోండి. హైదరాబాద్ నుంచి తెప్పిస్తే ఎండాకాలంలో దారిలోనే కొంత ఆవిరైపోతుంది.
- పొందాల్సిన పదార్థం కాలమ్ మీద విడిపోతుందా, రెండు చివర్లలో ఒకటే అతికిన సగం ఉత్పత్తి దాని పక్కనే దిగుతుందా?
- ఫాస్ఫరస్ ఆక్సీక్లోరైడ్, క్లోరోఫామ్ వాడే చోట ఫ్యూమ్ హుడ్ పనిచేస్తుందా?

వేడి సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. రామగుండం రిజర్వాయరు మీద తేలే 100 మెగావాట్ల ప్లాంటులోనివి సిలికాన్ ప్యానెళ్లు, అవి వేడికి కొంత సామర్థ్యం తగ్గినా నిలబడతాయి. సేంద్రియ పొర సంగతి వేరు. వేసవిలో గాలి 44 డిగ్రీలుంటే మేడ మీద ప్యానెల్ 65 దాటుతుంది. ఆ వేడికి చిన్న అణువులు కదిలి, గుంపులు కట్టి, డోనర్ నుంచి విడిపోతాయి. గట్టి కోర్, కొమ్మలున్న సైడ్ చెయిన్ ఉన్న అణువులకు ఓటు వేయండి. ఎండ్ గ్రూపును కలిపే కార్బన్-కార్బన్ జంట బంధం ఈ కుటుంబపు బలహీన స్థానం. నీరు, క్షారం, అతినీలలోహిత కాంతి అక్కడే దెబ్బ తీస్తాయి. జింక్ ఆక్సైడ్ పొర పక్కన పెట్టే పరికరమైతే ఈ సంగతి పరికరం చేసేవాళ్లకు ముందే చెప్పండి.

11. తయారయ్యాక సరిచూడడం

మొదట యూవీ-విజిబుల్. క్లోరోఫామ్‌లో బాగా పలుచన, 10⁻⁵ మోలార్ లేదా అంతకన్నా తక్కువ. అబ్సార్బెన్స్ 1 దాటకూడదు. ఇంకో పది రెట్లు పలుచన చేసి శిఖరం జరగలేదని చూసుకోండి. జరిగితే అణువులు ద్రావణంలోనే గుంపు కట్టాయి, అది మీ ఒంటరి అణువు లెక్కతో పోల్చదగింది కాదు.

తర్వాత సైక్లిక్ వోల్టామెట్రీ. దీనికి పోలిక ప్రమాణం ఫెర్రోసీన్. ఫెర్రోసీన్‌ను అదే సెల్‌లో, అదే రోజు కొలవండి. ఫెర్రోసీన్‌తో పోల్చిన ఆక్సిడేషన్ ఆన్‌సెట్‌కు 4.8 కలిపి, ముందు మైనస్ పెడితే హోమో. కొందరు 5.1 కలుపుతారు. ఏది కలిపారో రాయకపోతే మీ సంఖ్యను ఎవరూ వాడుకోలేరు. డోనర్ పాలిమర్ కొంచెం దొరికితే దాన్నీ మీ దగ్గరే కొలవండి. పేపర్లోని డోనర్ విలువ, మీ ల్యాబ్‌లోని యాక్సెప్టర్ విలువ పక్కపక్కన పెడితే 0.1 తేడాల మీద ఏ తీర్పూ చెప్పలేరు.

కొలబద్ద మీద దిద్దిన లెక్క, ద్రావణంలో కొలిచిన శిఖరం 0.1 ఎలక్ట్రాన్ వోల్టు లోపు కలిస్తే లెక్క సరిపోయినట్టే. కలవకపోతే ఫంక్షనల్ మార్చడానికి పరుగెత్తకండి. ముందు ఎన్‌ఎంఆర్ తీసి, రెండు చివర్లా ఎండ్ గ్రూపులు అతికాయో, ఒకవైపు ఆల్డిహైడ్ మిగిలిందో చూడండి. ఆల్డిహైడ్ ప్రోటాన్ శిఖరం 10 పీపీఎం దగ్గర కనిపిస్తే కాలమ్ మళ్లీ వేయాల్సిందే.

రిపోర్టు చివర అనుబంధంలో ప్రతి అణువు ఆప్టిమైజ్ అయిన ఆకారం కోఆర్డినేట్లు, సాఫ్ట్‌వేర్ వెర్షన్, కొలబద్ద సరళరేఖ సమీకరణం పెట్టండి. టామ్-డాంకాఫ్ ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో కూడా అక్కడే రాయండి.